మబ్బులోకెక్కిన రిజిస్టర్లు

“ఇవన్నీ ఎక్కడికి పోతాయన్నారూ?”

“క్లౌడ్‌లోకండీ.”

“అంటే మబ్బులోకి. ఏదో ఒక రోజు కురిసిపోవు కదా?”

జనన మరణాల నమోదు ఆఫీసులో రికార్డు రూమ్ గుమాస్తా ఆమె. వెనకాల అందరూ తనని ‘సూదిమందు’ అంటారని తెలుసు. తెలిసే గర్వపడుతుంది. ఎదురుగా నిలబడ్డవాడు హెడ్డాఫీసు పంపిన ఇంజనీరు. నలగని చొక్కా, చంకలో లాప్‌టాప్, ఎంత తిట్టినా చెరగని నవ్వు. ఆ నవ్వు చూస్తేనే ఆమెకు ఒళ్ళు మండింది.

“అన్ని ఆఫీసుల రికార్డులూ ఒకేచోట ఉంటాయండీ. ఎక్కడ పుట్టినవాళ్ళయినా, ఉన్నచోటే సర్టిఫికెట్ తీసుకోవచ్చు. బస్సెక్కి ఇక్కడిదాకా రానక్కర్లేదు. పైగా మీ గోడ చూడండి, ఎంత చెమ్మ పట్టిందో!”

“ఒకేచోటా? అక్కడ తాళం పడితే?”

“పడదండీ.”

“మీకు ముందొచ్చిన మహానుభావుడు కూడా కంప్యూటర్ పాడవదనే అన్నాడు. అదిగో, ఆ మూల కిటికీ రెక్క కొట్టుకోకుండా ఆపుతోంది.”

మూడు నెలలు స్కానింగ్ సాగింది. రోజూ ఆమె ఒక రిజిస్టరూ, దానితోపాటు ఒక చురకా తెచ్చి బల్ల మీద పడేసేది. అతను మాత్రం పేజీలను నిద్రపోతున్న పిల్లల్ని కదిపినట్టు మెల్లగా తిప్పేవాడు. అది గమనించినందుకు ఆమెకు తన మీద తనకే చిరాకేసేది.

“పెళ్ళిచూపులకొచ్చినట్టు ఆ పేజీని అంతసేపు చూస్తారేం?”

“రాత బాగుందండీ. ఎవరిదీ?”

“నాదే.”

“అనుకున్నా. అక్షరాలు కూడా దెబ్బలాటకి వస్తున్నట్టున్నాయి.”

ఆమె నవ్వాపుకోవడానికి బయటికెళ్ళి మంచినీళ్ళు తాగాల్సి వచ్చింది.

చివరికి ఆఫీసరు రిబ్బను కత్తిరించాడు. ఇకమీదట రిజిస్టరు ముట్టుకోవడం నేరమన్నాడు. సరిగ్గా ఎనిమిదో రోజు అన్ని ఆఫీసుల తెరలూ ఒక్కసారే తెల్లబోయాయి. ఎవరడిగినా ఆఫీసరు, “పైవాళ్ళు చూసుకుంటున్నారు,” అంటూ కాళ్ళూపుకుంటూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం ఐదేళ్ళ కూతుర్ని చెయ్యి పట్టుకుని ఒకావిడ పరుగున వచ్చింది.

“మా ఇంటి దగ్గర ఆఫీసులో కూడా పనిచెయ్యట్లేదన్నారమ్మా. పాప పుట్టింది ఇక్కడే. బర్త్ సర్టిఫికెట్ నాలుగింటిలోపు ఇవ్వకపోతే బళ్ళో సీటు పోతుంది.”

“మబ్బు పట్టిందండీ, తెరిపి ఇచ్చేదాకా ఆగమంటారు మావాళ్ళు,” అంటూనే ఆమె రికార్డు రూమ్ తాళం తీసింది. ఐదు నిమిషాల్లో రిజిస్టరు దొరికింది. పేజీ తెరిచింది. పోయిన వారం వానకు గోడ వెంట దిగిన నీళ్ళలో సిరా కరిగి, పాప పేరున్న వరస మొత్తం నీలం మరక అయిపోయింది. తను రాసిన రాతే.

కొత్త పద్ధతి గాడిన పడేదాకా అక్కడే ఉన్న ఇంజనీరు వెనకనుంచి తొంగిచూసి, బీరువాలోంచి చిన్న డిస్కు తీసి లాప్‌టాప్‌కి తగిలించాడు. అదే పేజీ, చుక్క చెదరకుండా తెర మీద నిలిచింది.

“మీ మబ్బు మూసుకుపోయిందిగా?”

“ఇది మబ్బులోది కాదండీ. ఆఫీసులోనే ఒక కాపీ ఉండాలని మొదటి వారమే పైవాళ్ళకి రాశాను. దండగన్నారు. నేనే దాచాను.”

“మీకెందుకొచ్చిన గొడవ?”

“తాళం పడితే అని ఒకరు అడిగారు. పడదన్నాను గానీ, ఆ రోజంతా నాకు జవాబు తోచలేదు.”

ఆమె తల వంచుకుని సర్టిఫికెట్ చేత్తో రాసి ఆఫీసరు ముందు పెట్టింది.

“పైవాళ్ళ అనుమతేదమ్మా?”

“సీటు పోయేది పైవాళ్ళ పిల్లకి కాదు సార్. పెట్టండి సంతకం.”

పెట్టాడు. మూడున్నరకి తల్లీకూతుళ్ళు ఆటో ఎక్కారు.

పది రోజులకి హెడ్డాఫీసునుంచి ఒకే కవరులో రెండు కాగితాలొచ్చాయి. ప్రతి ఆఫీసులోనూ తప్పనిసరిగా ఒక కాపీ ఉంచాలని సర్క్యులర్. అనుమతి లేకుండా కాపీ ఉంచినందుకు సంజాయిషీ చెప్పుకోవడానికి వెంటనే రమ్మని ఇంజనీరుకు మెమో.

“ఆ రెండింటి మీదా ఒకే చెయ్యి సంతకం పెట్టింది,” అందామె బస్టాపులో, గొడుగు కిందనుంచి. “దానికి సిగ్గు లేకపోయినా కలానికైనా ఉండొద్దూ!”

అతను వానలో తడుస్తున్నాడు. “అక్కడ నన్ను తిట్టేవాళ్ళుండరండీ.”

“మెమో ఇచ్చారుగా?”

“వాళ్ళకి తిట్టడం రాదు. నాకు మీరు తిడితేనే బావుంటుంది. మీవాళ్ళతో మాట్లాడమంటారా?”

ఆమె చెవులు వేడెక్కాయి. “తడిసి ముద్దవుతూ అడిగే మాటా ఇది? ముందు గొడుగులోకి రండి.”

ఆదివారం ఆమె తండ్రి, రిటైరైన టైపిస్టు, పేపరు మడిచి, ఇంటికొచ్చిన అతన్ని ఎగాదిగా చూశాడు.

“మూడు నెలలుగా మా ఇంట్లో పొద్దున్నా సాయంత్రం నీ పారాయణమే బాబూ. నువ్వు గొప్పోడివి, పొగరుబోతువి, మబ్బులు అమ్ముకునేవాడివి. ఇదివరకు దీనికి రెండు సంబంధాలొచ్చాయి. వాళ్ళని ఒక్క మాట అనలేదు. నవ్వి పంపేసింది. గేటు దాటకముందే మర్చిపోయింది.”

“నాన్నా!” అంటూ ఆమె గుమ్మంలోకి వచ్చింది. ఇద్దరూ ఆమె వైపు చూశారు. నోరు తెరిచింది. ఎంత వెతికినా ఒక్క పుల్లవిరుపు మాటా దొరకలేదు.

తండ్రి అతని భుజం తట్టాడు. “చూశావా? దీని నోరు మూతపడిందంటే ఒప్పుకున్నట్టే. మనసు మార్చుకునేలోపు మీ పెద్దల్ని తీసుకురా.”