బొట్టు పెట్టి పిలిచాను

మా అమ్మాయి ధాత్రికి రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి ఏడో నెల వచ్చింది. పురిటికని మధురానగర్‌లో మా ఇంటికి తెచ్చుకున్నాం. శుక్రవారం సీమంతం. ఆలోగా మొక్కు తీర్చాలని నేనూ, మావారు చక్రపాణిగారూ విశాఖ వెళ్ళాం. అక్కడ ఆడపడుచులను సీమంతానికి పిలిచి, మర్నాడు కారు మాట్లాడుకుని అరకు కొండలెక్కాం.

మావైపు ఫోన్లో పిలిస్తే పిలుపు కాదు. ఎదురుగా నిలబడి, నుదుట బొట్టు పెట్టి, రండి అనాలి. అలా పిలిచాక రాకపోతే తప్పు. అందుకని కుంకుమ భరిణె నా సంచీలోనే ఉంది.

కొండమీద చిన్న గుడి. దర్శనం బాగా అయింది. దిగేటప్పుడు దారికి రెండువైపులా కాఫీ తోటలు. ముందువారం వాన పడిందట, కొమ్మ కనిపించకుండా తెల్లగా పూశాయి. మల్లెపూల వాసన. పొడుగాటి చెట్లకి మిరియాల తీగలు. మధ్యాహ్నం రెండింటికి ఒక మలుపులో మంచు కమ్మేసింది. డ్రైవరు కనకయ్య కారు పక్కకి ఆపాడు. ఈ మంచులో మా మావగారు ఎదురొచ్చినా గుర్తుపట్టనండి, పట్టినా పలకరించననుకోండి, అని నవ్వించాడు. మావారు వెనక సీట్లో కునుకు తీశారు. కాళ్ళు పట్టేశాయని నేను దిగాను.

పది అడుగులు వేశానేమో. వెనక్కి చూస్తే కారు లేదు... తెల్లగా ఉంది, అంతే. చెట్లనుంచి నీటిబొట్లు పడుతున్న చప్పుడు.

కాఫీ మొక్కల మధ్య ఒకామె కూర్చుని ఉంది. విరబోసుకున్న జుట్టు, నీళ్ళు కారుతున్నాయి. నుదుట బొట్టు లేదు.

"ఎవరికమ్మా పేరంటం?" అంది మెల్లగా. భరిణె ఇంకా సంచీలోనే ఉంది.

"మా అమ్మాయికి. సీమంతం."

"నన్ను పిలవవా?"

నాకు మనసొప్పలేదు. కానీ ఆడమనిషి నోరు తెరిచి అడిగాక కాదంటే, కడుపుతో ఉన్న పిల్లకి మంచిది కాదనిపించింది. బొట్టు పెట్టాను. నుదురు చల్లగా, గరుగ్గా తగిలింది. అలవాటు కొద్దీ నోట వచ్చేసింది. "శుక్రవారం. తప్పకుండా రండి."

ఇల్లెక్కడ అంది. చెప్పాను.

"ఎవరికి పెడుతున్నారమ్మా?" వెనక కనకయ్య గొంతు.

చూశాను. నా వేలు ఒక కాఫీ చెట్టు మొదలు మీద ఉంది. బెరడు మీద ఎర్రగా నేను పెట్టిన బొట్టు.

ఆ తర్వాత కనకయ్య నవ్వించలేదు. ఘాటు రోడ్డు దిగాక ఒక్కటే అడిగాడు, ఊరుపేరు చెప్పారా అని. ఇంటి నంబరుతో సహా చెప్పానన్నాను.

శుక్రవారం సాయంత్రం ఇల్లంతా జనం. కింద కుట్టుమిషన్ దుకాణం కాంతవ్వ, బిడ్డకి గాజులేసి ఏసి చేతులే కనబడకుంట చేసిన్రు, రేపు అన్నమెట్ల తింటది అని అందరినీ నవ్విస్తోంది. నేనూ నవ్వుతున్నాను. అప్పుడు నా పక్కకొచ్చి గొంతు తగ్గించింది.

"గా తడి జుట్టామె మీ చుట్టమా అక్కా? లిఫ్ట్‌ల నాతోనే వచ్చింది. ఒక్క ముచ్చట సుత చెప్పలే."

హాల్లో మల్లెపూల వాసన. ఎవరి తల్లోనూ మల్లెలు లేవు, ఆరోజు అందరికీ కనకాంబరాలే తెప్పించాను.

జనాన్ని తోసుకుంటూ వెళ్ళాను. ధాత్రి కుర్చీ ముందు నేల తడిగా ఉంది.

"ఆవిడ వెళ్ళిపోయిందమ్మా," అంది ధాత్రి. "గాజులు వెయ్యలేదు. కడుపు మీద వేలు పెట్టి ఏదో అంది."

"నీతో ఏమంది?"

"నాతో కాదమ్మా. లోపలికి... శుక్రవారం, తప్పకుండా రా, అంది."

ఏ శుక్రవారమో చెప్పలేదు.

రాత్రి ధాత్రికి చీర మారుస్తుంటే చూశాం. బొడ్డుకి పైన ఎర్రగా బొట్టు. నూనె రాశాను, సున్నిపిండి రుద్దాను. పిల్ల చర్మం కందింది గాని అది పోలేదు. మర్నాడు సోమాజిగూడ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ బిడ్డ గుండె బాగుందంది, మచ్చకి పూతమందు రాసిచ్చింది. నేను చెప్పబోతుంటే మావారు నా చెయ్యి నొక్కి ఆపారు. ఇంటికొచ్చి కనకయ్యకి ఫోన్ చేశాను. వెనక్కి తీసుకునే దారి ఏమైనా ఉందా అని అడిగాను. "పిలవడమే తెలుసండి మనకి," అన్నాడు.

రోజూ ఇంటి గుమ్మానికి నిమ్మకాయలు కడుతున్నాను. గుమ్మం అక్కడ కాదని తెలుసు.

ఇవాళ గురువారం. ఇదివరకు బిడ్డ ఎడమవైపు తన్నేవాడు. ఇప్పుడు సరిగ్గా ఆ బొట్టు కిందే. రెండుసార్లు... ఆగుతాడు. మళ్ళీ రెండుసార్లు. లోపలినుంచి తలుపు తట్టినట్టు. నా అరచెయ్యి అడ్డం పెట్టి కూర్చున్నాను. ఇంకేం చెయ్యాలో తెలీదు.

ధాత్రి నిద్రపోతోంది. ఇంకో చేత్తో తల నిమిరాను.

ఇవాళ తను తలస్నానం చెయ్యలేదు. జుట్టునుంచి దిండు దాకా తడి.