కళ్ళు తెరవని కారు

శవం పనిబల్ల పక్కన పడి ఉంది.

వస్తువును కదలకుండా పట్టి ఉంచేందుకు బల్లకు బిగించిన ఇనుప వైస్ మూలకు రక్తం అంటింది. చొక్కాకు పై రెండు గుండీలు లేవు. ఒకటి కుర్చీ కింద దొరికింది, రెండోది గోడ వారన.

"తనంతట తాను పడ్డవాడికి గుండీలు తెగవు," అంది ఇన్‌స్పెక్టర్. "ఎవరో కాలర్ పట్టుకున్నారు. తోశారు."

ఎస్సై తల ఊపాడు.

అది బొమ్మల దుకాణం మీది గది. పైన రేకులు. వీధివైపు ఒక్క కిటికీ. గాలంతా రంగుల్ని పల్చబరిచే థిన్నర్ వాసన. చనిపోయినతను దుకాణదారుకు స్వయానా బావ, అక్క భర్త. వీధిలో అందరూ అతన్ని బొమ్మలాయన అనేవారు.

అతని పని గోడ అరల్లో వరసగా నిలబడి ఉంది. అన్నీ అరచేతిలో పట్టే డైకాస్ట్ కార్లు, లోహంతో పోతపోసినవి. పొడుగాటి ముక్కు, దిట్టమైన నడుము ఉన్న పాతకాలపు అమెరికన్ మజిల్ కార్లు. ప్యాకెట్లో వచ్చేటప్పుడు అవి చవక సరుకు. ఒకే పూత రంగు, నిగనిగలాడే ప్లాస్టిక్ టైర్లు, లైట్లు ఉండాల్సిన చోట ఉత్త గుంటలు. బొమ్మలాయన తలుపుల సందుల్లోకి పల్చటి నల్లరంగు పారించి పైది తుడిచేసేవాడు. పళ్ళు కుట్టుకునే పుల్ల మొనతో బంపర్‌కు వెండిరంగు అద్దేవాడు. టైర్లను గరుకు కాగితం మీద దొర్లించి మెరుపు చంపేవాడు. అంతే. దాంతో బొమ్మ కాస్తా బండి అయ్యేది.

ఇన్‌స్పెక్టర్ తన తండ్రి దుకాణంలో పెరిగిన మనిషి. ఏది చేతికొచ్చినా సరుకెంత, పొట్లమెంత అని చూడటం ఆమెకు అలవాటు. ఒక కారు తీసి చూసింది. ఇందులో పొట్లం లేదు. అంతా సరుకే.

బల్ల మీద ముదురాకుపచ్చ కారు ఒకటి ఉంది. వెనక లైట్లు ఎర్రగా, పూత ఆరి ఉన్నాయి. బ్రష్‌లు కడిగి గ్లాసులో నిలబెట్టి ఉన్నాయి. పని ముగించి లేచిన మనిషి బల్లలా ఉంది అది.

కింద దుకాణంలో దుకాణదారు, చనిపోయినతని బావమరిది, స్టూలు మీద కూర్చుని ముఖం తుడుచుకుంటున్నాడు.

"షాపు ఎప్పుడు మూశారు?"

"ఒంటిగంటకు మేడమ్. ఎదురు టైలర్ చూశాడు. హోల్‌సేల్ మార్కెట్టుకు వెళ్ళాను. చీకటి పడే వేళ అక్క ఫోన్ చేసింది."

"అక్కడ మిమ్మల్ని చూసినవాళ్ళు?"

"మార్కెట్టంతా చూసింది."

"మీరు వెళ్ళేటప్పటికి మీ బావ?"

"బతికే ఉన్నాడు. ఆ పచ్చ కారు ముందేసుకుని కూర్చున్నాడు. అప్పటికి వెనక లైట్లు వేయలేదు. కావాలంటే పళ్ళ డాక్టరుగారిని అడగండి, ఆయనకు ఆ కారే చూపించాను."

"ఇప్పుడు లైట్లున్నాయి."

"అదే నేనూ అనేది. నేను పోయాక వేశాడు. అంటే నేను పోయాక బతికున్నట్టేగా!"

అడక్కముందే తూచి చేతిలో పెట్టే వర్తకుణ్ణి చూస్తే ఆమెకు చిన్నప్పటినుంచీ అనుమానమే. కానీ తూకంలో తేడా కనపడలేదు. మార్కెట్లో నలుగురు అవుననే అన్నారు. టైలర్ అవుననే అన్నాడు.

పళ్ళ డాక్టరు కూడా అవునన్నాడు. ఆయనకు కార్ల పిచ్చి. క్లినిక్‌లో పళ్ళ సెట్ల పక్కనే కార్లు.

"ఒంటిగంటకు కాస్త ముందు చూశానండీ. వెనక్కి తిప్పితే బోసినోరులా ఉంది. సాయంత్రానికి లైట్లు వేసి ఇస్తానన్నారు."

"ఎవరు?"

"షాపాయన. ఇవన్నీ చేసేది ఆయనే కదండీ! ఏం చెయ్యి అండీ అది! వచ్చే నెల మా ఎగ్జిబిషన్లో అందరి ముందూ చేసి చూపిస్తానన్నారు."

"మరి ఆయన బావ?"

"పైన ప్యాకింగ్ చూసుకునే ఆయనేగా? పాపం, విన్నాను."

ఇన్‌స్పెక్టర్ ఆ మాట నోట్‌బుక్‌లో రాసుకుంది.

పోస్ట్‌మార్టం డాక్టరు కచ్చితమైన వేళ చెప్పలేకపోయాడు. రేకుల గది వేడి లెక్క తప్పిస్తుందన్నాడు. మధ్యాహ్నం పన్నెండు దాటాక, నాలుగైదు గంటల లోపు. అంతకన్నా బిగించి చెప్పనన్నాడు.

టైలర్ ఇంకో మాట చెప్పాడు. నాలుగింటికి బొమ్మలాయన కూతురు పక్క తలుపులోంచి లోపలికి వెళ్ళింది. వెంటనే బయటికొచ్చింది. ఏడుస్తూ.

"ఇంకేం మేడమ్," అన్నాడు ఎస్సై. "లైట్లు వేశాక చనిపోయాడు. లైట్లు ఒంటిగంట తర్వాత వేశాడు. ఆ తర్వాత వచ్చింది కూతురొక్కతే. ముందు రోజు తండ్రితో గొడవ కూడా పడింది. కేసు రాసేద్దాం."

కూతుర్ని స్టేషన్‌కు తెచ్చారు.

"పైకి ఎందుకెళ్ళావు?"

"వెళ్ళలేదు. మెట్ల కింద నిలబడి పిలిచాను. పలకలేదు."

"పలక్కపోతే వెళ్ళి చూడవా?"

"అలిగాడనుకున్నా మేడమ్. ముందు రోజు నానా మాటలూ అన్నాను. నాతో వచ్చెయ్, ఎక్కడైనా చిన్న షాపు పెట్టుకుందాం, నీ పేరుతోనే అమ్ముదాం అన్నా. 'మీ మావయ్యకు ఒక మాట చెప్పి వస్తానే' అన్నాడు. ఎన్నేళ్ళనుంచీ అదే పాట. నీకు వెన్నెముక లేదు నాన్నా అనేశాను."

ఆమె రెండు చేతులూ ఒళ్ళో బిగించుకుంది.

"చిన్నప్పుడు కరెంటు పోతే ఆ గదిలోకి తీసుకెళ్ళేవాడు. అర మీద టార్చి వేసేవాడు. 'చూశావా, అన్నీ మనకోసం బ్రేకు వేశాయి' అనేవాడు. అలాంటి మనిషితో ఆ మాట అన్నాను."

తలెత్తి అడిగింది. "నేను పిలిచినప్పుడు బతికే ఉన్నాడా మేడమ్? పైకి వెళ్ళుంటే దక్కేవాడా?"

జైలు భయం కాదది. అంతకన్నా పెద్ద భయం. ఇన్‌స్పెక్టర్ లేచింది. "రేపటిదాకా కేసు రాయకండి," అని ఎస్సైకి చెప్పి బయటికొచ్చింది.

మర్నాడు సాయంత్రం ఇద్దరూ మళ్ళీ ఆ గదికి వెళ్ళారు. గుమ్మంలో బొమ్మలాయన భార్య కూర్చుని ఉంది. కళ్ళు అర మీదే ఉన్నాయి. ఆకుపచ్చ కారు కూడా ఇప్పుడు అర మీదే, వరస చివర ఉంది. అన్నీ వీపు ఇటు తిప్పి నిలబడ్డాయి.

"కారు సీజ్ చేయలేదా?" అంది ఇన్‌స్పెక్టర్.

ఎస్సై నీళ్ళు నమిలాడు. "ఫొటోలు తీశాం మేడమ్. బొమ్మే కదా అని..."

"నేనే పెట్టానమ్మా," అంది ఆవిడ. "చేసిన ప్రతి కారూ అమ్మేదాకా ఆయన అక్కడే పెడతాడు. పొద్దు వాలితే అవి కళ్ళు తెరుస్తాయి."

వెనకనుంచి ఆవిడ తమ్ముడు, దుకాణదారు, అందుకున్నాడు. "అక్కకు మనసు బాగాలేదు మేడమ్. రెండు రోజులుగా ఇదే గోల."

"నువ్వూరుకోరా. ఆయన వస్తున్నాడమ్మా. వచ్చి ఒక్కోదాన్నీ తెరిపిస్తున్నాడు. చివరిదొక్కటే తెరవదు. దాని మీద ఎందుకంత కోపమో."

ఎస్సై కిటికీ వైపు చూశాడు. తమ్ముడు తల అడ్డంగా ఊపుతూ మెట్లు దిగిపోయాడు.

ఇన్‌స్పెక్టర్ మాత్రం ఆవిడ పక్కనే నేల మీద కూర్చుంది. వెలుతురు తగ్గింది. కార్ల రంగులన్నీ ఒకే బూడిద రంగులోకి మారాయి. కుర్చీ వీపుకు బొమ్మలాయన కళ్ళజోడు ఇంకా వేలాడుతోంది. థిన్నర్ సీసా మూత బిగించే ఉంది. అయినా వాసన ఇప్పుడే తీసినంత ఘాటుగా వచ్చింది.

"అదిగో," అంది ఆవిడ నెమ్మదిగా.

అర మీద ఒక జత ఎర్రకళ్ళు తెరుచుకున్నాయి. పక్కన ఇంకో జత. ఆ పక్కన ఇంకోటి. ఎడమనుంచి కుడికి, వరసగా, రక్తంలా వెలిగి మళ్ళీ మూసుకున్నాయి.

ఇన్‌స్పెక్టర్ చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. అప్పుడు వినపడింది మలుపు తిరుగుతున్న లారీ మోత. దాని హెడ్‌లైటు కిటికీలోంచి జారి, అరను తడిమి వెళ్ళింది.

"లారీ మేడమ్!" అన్నాడు ఎస్సై ఊపిరి వదులుతూ. "దయ్యమూ లేదు, గియ్యమూ లేదు."

"లారీయే. మరి చివరిది ఎందుకు తెరవలేదు?"

ఎస్సై అర దగ్గరికి వెళ్ళి వంగి చూశాడు.

ఆమె టార్చి తీసి ఆకుపచ్చ కారును చూసింది. తర్వాత బల్ల సొరుగు లాగింది. అందులో సగం పనిలో ఆగిపోయిన నీలం కారు. వెనక్కి తిప్పి చాలాసేపు చూసింది. రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుంది.

"రేపు ఇదే వేళకు అందర్నీ పిలవండి. పళ్ళ డాక్టర్ని కూడా."

మర్నాడు పొద్దు వాలేసరికి గది నిండింది. తల్లి పక్కన కూతురు, కిటికీ దగ్గర పళ్ళ డాక్టరు, బల్ల దగ్గర బావమరిది. తలుపుకు అడ్డంగా ఎస్సై.

"డాక్టరుగారూ, ఈ కార్లు ఎవరు చేస్తారు?"

"ఇంకెవరండీ, షాపాయన."

భార్య తలెత్తింది. "ఎవరూ?"

"ఇద్దరం చేసేవాళ్ళం అక్కా," అన్నాడు తమ్ముడు గబగబా. "బావ పైపై పనులు చూసేవాడు. అసలు చెయ్యి నాది."

"మావయ్యా!" కూతురు ముందుకొచ్చింది. "బ్రష్ ఎటునుంచి పట్టుకోవాలో తెలుసా నీకు?"

"నువ్వు పుట్టకముందునుంచీ ఈ షాపు నడుపుతున్నానే. నాకు నేర్పొచ్చావా?"

"తగువెందుకు," అంది ఇన్‌స్పెక్టర్. ప్యాకెట్ చింపి తెల్లకారు ఒకటి బల్ల మీద పెట్టింది. "వెనక లైట్లు వేసి చూపించండి. ఎగ్జిబిషన్‌కు ప్రాక్టీసనుకోండి."

అతను పళ్ళ డాక్టరు వైపు చూశాడు. డాక్టరు కళ్ళల్లో భక్తి. ఇప్పుడు కాదంటే పరువు పోతుంది. కూర్చుని, చేతులు రుద్దుకున్నాడు. బల్ల మీద ఎర్రరంగు సీసాలు రెండున్నాయి. ఒకదాంట్లో చిక్కటిది, ఒకదాంట్లో నీళ్ళలాంటిది. అతను చిక్కటిది తీసుకున్నాడు. గీత దాటకుండా రెండు ఎర్రచదరాలు వేశాడు.

"భలే!" అన్నాడు డాక్టరు.

"అయిపోయిందా?" అంది ఇన్‌స్పెక్టర్.

"అయిపోయింది."

"ఇంకేం చేసేది లేదా?"

"లైటుకు ఇంకేముంటుంది మేడమ్? ఎరుపేగా."

ఆమె తెల్లకారును అర చివర, ఆకుపచ్చ కారు పక్కన పెట్టింది. ఎస్సై కిటికీ మూశాడు. చీకటి.

టార్చి వెలిగింది. అరంతా ఒక్కసారి కళ్ళు తెరిచింది. ఎర్రగా, లోపల నిప్పున్నట్టుగా. డాక్టరు ఒకడుగు వెనక్కి వేశాడు.

వరస చివర రెండు మాత్రం గుడ్డివి. ఆకుపచ్చదీ, తెల్లదీ.

ఇన్‌స్పెక్టర్ రుమాలు విప్పి నీలం కారు వీపు చూపించింది. లైట్ల చోట రెండు వెండిచుక్కలు మెరిశాయి.

"బొమ్మలాయన ముందు వెండిరంగు వేసేవాడు. అది ఆరాక దాని మీద పల్చటి ఎరుపు, ఎర్రటి గాజుపలక లాంటిది. వెలుతురు ఎరుపులోంచి దూరి, వెండికి తగిలి తిరిగొస్తుంది. పగటిపూట షాపులో చూస్తే ఇదీ, ఉత్త ఎరుపూ ఒక్కలాగే ఉంటాయి. మీరు పగలే అమ్మారు. ఇన్నేళ్ళలో మీ సరుకును ఒక్కసారైనా చీకట్లో చూసుకోలేదు."

బావమరిది ఆకుపచ్చ కారు వైపు తిరిగి చూశాడు.

"చివరి కారుకు లైట్లు ఆయన వేయలేదు. ఈ పద్ధతి తెలియనివాడు వేశాడు. ఎందుకు వేశాడు? ఒంటిగంట దాటాక ఆయన బతికున్నాడంటే ఎవరికి లాభం? ఒంటిగంటకు తాళం వేసి వెళ్ళినవాడికొక్కడికే."

"మేడమ్, నేను..."

"ఆయన పడిపోయాక ఈ కుర్చీలోనే కూర్చున్నారు. ఆయన మీ కాళ్ళ దగ్గర ఉన్నాడు. లైట్లు వేశారు. బ్రష్‌లు కడిగారు. అప్పుడెళ్ళి షట్టర్ దించారు."

అతను చేతిలోని బ్రష్‌ను చూసుకున్నాడు. అది నిప్పంటుకున్నట్టు వదిలేశాడు.

"తోద్దామని కాదు... ఇవన్నీ నేనే చేస్తానని డాక్టరుగారితో అన్నది మెట్లమీదనుంచి విన్నాడు. ఎప్పుడూ నోరెత్తనివాడు, 'వెళ్ళిపోతున్నాను రా, పోయేముందు ఆ చెయ్యి నాదని ఆయనకు చెప్పి పోతా' అన్నాడు. కాలర్ పట్టుకున్నా. అంతే. అంతే మేడమ్."

"ఒరేయ్," అంది అక్క. ఆ ఒక్క పిలుపుకే అతను నేల మీద కూలబడ్డాడు.

ఎస్సై అతన్ని లేవదీసి కిందికి తీసుకెళ్ళాడు. పళ్ళ డాక్టరు వెళుతూ కళ్ళజోడు వేలాడుతున్న కుర్చీకి నమస్కారం పెట్టాడు.

ఇన్‌స్పెక్టర్ కూతురి దగ్గరికి వచ్చింది.

"నువ్వు నాలుగింటికి పిలిచావు. ఆయన ఒంటిగంటకే పోయాడు. పైకి ఎక్కినా దక్కేవాడు కాదు." పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. "ఇంకో మాట. వెన్నెముక లేదన్నావుగా. ఆయన నీతో వచ్చేద్దామని ఆ మాట చెప్పేశాడు. చెప్పినందుకే పోయాడు."

ఆ పిల్ల అప్పుడు ఏడ్చింది. మూడు రోజులుగా ఆగిందంతా ఏడ్చింది.

తర్వాత నీలం కారు అడిగి తీసుకుంది. పల్చటి ఎరుపు సీసా మూత తీసింది. పుల్ల మొనతో ఆ వెండిచుక్కల మీద ఒక్కొక్క బొట్టు జార్చింది. తండ్రి వెండి, కూతురి ఎరుపు. ఇన్‌స్పెక్టర్ గుడ్డికార్లు రెంటినీ కవర్లో వేసి సీలు చేసింది. ఖాళీ అయిన చోట నీలం కారు నిలబడింది.

కిటికీ తెరిచారు. బయట దాదాపు చీకటి.

"అదిగో," అంది తల్లి.

ఎడమ చివర మొదలైంది. ఒక జత, ఇంకో జత, ఆ పక్కది. తొందర లేకుండా, మనిషి నడిచినంత నిదానంగా. చివరికి నీలం కారు కూడా కళ్ళు తెరిచింది. మిగతావాటికంటే ఎక్కువసేపు తెరిచే ఉంచింది.

"బ్రేకు వేశాడమ్మా," అంది కూతురు.

ఇన్‌స్పెక్టర్ ఏ బండి వచ్చిందో చూద్దామని కిటికీలోంచి వంగింది. వీధి ఈ చివరనుంచి ఆ చివరిదాకా ఖాళీ. ఇంజను మోత ఎక్కడా లేదు.

మలుపు తిరిగి వెళ్ళిపోయి ఉంటుందిలే అనుకుంది. తేలని లెక్కను వదిలిపెట్టడం ఆమె ఎరగదు. ఆ ఒక్కదాన్ని మాత్రం మళ్ళీ తిరగేయకుండా, తల్లీకూతుళ్ళను అక్కడే ఉండనిచ్చి, చప్పుడు కాకుండా మెట్లు దిగింది.