చదువుల ధర్నా

తెలంగాణ వచ్చిన కొత్తలో, నల్లగొండకూ దేవరకొండకూ మధ్య ఉన్న ఆ చిన్న టౌన్‌లో ఎవరి నోట విన్నా నోటిఫికేషన్ల మాటే. డిగ్రీ అయిన పిల్లలంతా గేటు తీయకముందే లైబ్రరీ ముందు నిలబడేవారు. ఆ రోజులు తలచుకుంటే శ్రవణ్‌కి ఇప్పటికీ పాత పుస్తకాల వాసన, జామకాయల బండి, మధ్యాహ్నం పోయి వచ్చే కరెంటు గుర్తొస్తాయి. అన్నిటికన్నా ముందు ఒక గొడవ గుర్తొస్తుంది.

ఆ రోజు అతను చాయ్ తాగి వచ్చేసరికి, ఫ్యాన్ కింద తన కుర్చీలో ఒకమ్మాయి కూర్చుని ఉంది.

"హలో, అది నా జాగ."

ఆమె పుస్తకంలోంచి తలెత్తలేదు. "పేరు రాసున్నదా?"

"రెండేండ్ల సంది ఈడనే కూసుంటున్న."

"గన్ని దినాలు కూసుంటే నడుం నొస్తలేదా? ఇయ్యాల జర నిలబడుండ్రి. హెల్త్‌కు మంచిది."

వెనక బెంచీలో నవ్వులు. శ్రవణ్‌కి మాత్రం నవ్వు రాలేదు. అసలు అవి అతనికి నవ్వొచ్చే రోజులు కావు. మగ్గం నేసే ఇంట్లో మొదటి డిగ్రీ అతనిదే. రెండుసార్లు పరీక్ష తప్పాక స్నేహితుల్ని తప్పించుకు తిరుగుతున్నాడు. కంచం ముందు కూర్చుని అన్నం కలుపుతూ ఉండిపోయేవాడు. తల్లి సావిత్రమ్మ ఏమడిగినా "ఏం లేదు" అనేదే జవాబు.

ఆ అమ్మాయి పేరు శ్రీదేవి. తాపీ పని చేసే కృష్ణయ్య కూతురు. అంత గొడవపడి కుర్చీ సంపాదించిందా, మధ్యాహ్నం రెండు కాకముందే పుస్తకాలు సర్దుకుని వెళ్లిపోయింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడు శ్రవణ్ ఊరుకోలేకపోయాడు.

"ఏంది మేడం, అప్పుడే అయిపాయెనా సదువు? గీ మాత్రం దానికి నాతోని గంత లొల్లా?"

శ్రీదేవి ఆగింది. ఈసారి వెక్కిరించలేదు.

"ఈడ ఆడోళ్లకు బాత్రూం లేదు. పొద్దుగాల సంది సుక్క నీళ్లు తాగకుంట కూసుంటం. గీ యాళ్లకు తల తిరుగుతది. మీరు గోడ సాటుకు పోతరు. మేం యాడికి పోవాలె?"

ఇన్నాళ్లుగా ఆ లైబ్రరీలోనే ఉన్నా అతనికి ఆ ఆలోచనే రాలేదు. "మరి ఎవర్నన్న అడిగిన్రా?" అన్నాడు మెల్లగా.

"నేను, మా దోస్తు శైలజ మున్సిపాలిటీకి పోయినం. 'ఇంటికాడ సదువుకోండ్రమ్మా' అన్నడు సారు. మా ఇల్లు ఒకటే అర్ర. అండ్లనే అందరం ఉండాలె. రేపు మళ్ల పోతున్నం. వస్తరా?"

"నేనొస్తే ఏమైతది?"

"ఏం గాదు. ఒకలు ఎక్కువైతరు. గంతే."

ఆ "గంతే"లో ఏముందో గానీ, అతను వెళ్లాడు. ఆఫీసులో "ఫండ్స్ లేవు, చూద్దాం" అన్నారు. బయటికొచ్చాక శైలజ ఏడుపు మొహం పెట్టింది. శ్రీదేవి మాత్రం వరండా మెట్ల మీద కూర్చుని పుస్తకం తెరిచింది.

"ఏం జేస్తున్నవే?" అంది శైలజ.

"సదువుకుంటున్న. ఈడ బాత్రూం ఉన్నది గద!"

శ్రవణ్ పకపకా నవ్వాడు. అలా నవ్వి ఎన్నాళ్లయిందో. నవ్వుతూనే కింది మెట్టు మీద కూర్చున్నాడు.

మర్నాడు లైబ్రరీలోని ఆడపిల్లలంతా అక్కడికే వచ్చారు. వాళ్ల వెనకే మగపిల్లలు. నినాదాల్లేవు, మైకుల్లేవు, పేజీలు తిప్పే చప్పుడొక్కటే. ఒకరికి కనపడకుండా ఒకరు నోట్సు దాచుకునేవాళ్లు పక్కపక్కన కూర్చుని లెక్కలు చెప్పుకున్నారు. ఎవరితోనూ పలకని లైబ్రేరియన్ గోపయ్య పేపర్లు సంచిలో మోసుకొచ్చి పంచాడు. "గిట్ల హుషారుగ ఉండక ఎన్నేండ్లాయెనో" అన్నాడు. సావిత్రమ్మ అందరికీ పులిహోర తెచ్చింది. కొడుకు అడిగి మళ్లీ పెట్టించుకుంటే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఒక సాయంత్రం జోరున వాన. అందరూ వరండాలోకి ఒదిగారు. శ్రవణ్ తన తువ్వాలు తీసి శ్రీదేవి పుస్తకాల మీద కప్పాడు.

"పుస్తకాలకేనా? మనిషి తడుస్తున్నది కనపడ్తలేదా?"

"మనిషిని సూస్తే సదివింది మరిసిపోతున్న. అందుకే సూస్తలేను."

ఆమె చప్పున అటు తిరిగింది. చెవికున్న జుంకా ఊగడం మాత్రం అతనికి కనిపించింది.

అప్పుడే మున్సిపల్ కమిషనర్ బయటికొచ్చాడు. అడుగు పెట్టే చోటు లేదు. "జర పైలం సార్, కాలు జారుతది" అన్నారు పిల్లలంతా ఒక్కసారే. ఆయన వాళ్లను, తడిసిన పుస్తకాలను కాసేపు చూశాడు. "కట్టిస్త. ఇగ ఇండ్లకు పోండ్రి" అన్నాడు.

దసరా నాటికి లైబ్రరీ వెనక బాత్రూం లేచింది. గోపయ్య రాత్రి ఎనిమిది దాకా తలుపులు తీసి ఉంచేవాడు.

ఆ తర్వాతి పరీక్షలో శ్రీదేవికి ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ ఉద్యోగం వచ్చింది. పోస్టింగ్ అమ్రాబాద్ అడవుల్లో. శ్రవణ్‌కి మళ్లీ రాలేదు. కానీ ఈసారి ఇంట్లో ముడుచుకోలేదు. సాయంత్రాలు లైబ్రరీలో అందరికీ లెక్కలు చెప్పాడు. చెప్పీ చెప్పీ చివరికి గురుకులంలో లెక్కల సారయ్యాడు. ఆ కబురు చెప్పడానికి అమ్రాబాద్ బస్సెక్కాడు.

చెక్‌పోస్టు దగ్గర ఖాకీ డ్రెస్సులో నిలబడి ఉంది శ్రీదేవి. సన్నగా తుంపర పడుతోంది.

"ఏంది, గింత దూరమొచ్చినవ్? ఈడేమన్న ధర్నానా?"

"అవు. నువ్వు ఊ అనేదాక కదల."

"ఒక్కనివేనా?"

"గీ ధర్నాకు ఒక్కడు సాలు."

ఆమె నవ్వింది. నవ్వు ఆపి తడి చెట్లకేసి చూసింది. "నాకు ఎప్పటి సందో ఇష్టమే. మా బాపుదే ఫికర్."

ఆ ఆదివారమే కృష్ణయ్య కూతుర్ని వెంటబెట్టుకుని శ్రవణ్ ఇంటికి వచ్చాడు. శ్రవణ్ తండ్రి వెంకటనర్సు మగ్గం ఆపి కుర్చీ చూపించాడు. కృష్ణయ్య అంచున కూర్చున్నాడు.

"నాకు తిప్పి మాట్లాడుడు రాదు. గీ ఊర్ల సగం ఇండ్లు నేను కట్టినయే. గోడలు లేసినంక ఏ వంటింట్లకూ నన్ను రానియ్యలే. మీ వంటింట్లకు నా బిడ్డ పోవచ్చునా?"

వెంకటనర్సు తల దించుకున్నాడు. చివరికి సావిత్రమ్మే అంది.

"అన్నా, నా కొడుకు ఇంట్ల ఉండి గూడ లేనట్టే ఉండె. మళ్ల మనిషైండంటే నీ బిడ్డ వల్లనే. వంటింటి ముచ్చటంటవా, లగ్గమైనప్పటి సంది అండ్ల నేనొక్కదాన్నే ఉన్న. ఇగ నీ బిడ్డ పోతది, నా కొడుకు గూడ పోతడు. నేను జర కూసుంట."

కృష్ణయ్య మొహం విచ్చుకుంది. "అట్లయితే ముందుగాల అల్లుణ్నే చాయ్ పెట్టమను సెల్లే."

అల్లుడన్న మాటకే శ్రవణ్ లేచి లోపలికి నడిచాడు. శ్రీదేవి గడప దాటి వెనకాలే వెళ్లింది. లోపల డబ్బాల మూతలు మోగాయి. ఇద్దరి నవ్వులూ వినిపించాయి.

"అమ్మా, చక్కెర యాడున్నది?"

"ఎతుక్కోండ్రి" అని సావిత్రమ్మ గోడకు చేరగిలబడింది.

అప్పటిదాకా నోరు విప్పని వెంకటనర్సు వంటింటి వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు.

"శ్రీదేవి బిడ్డా, నాకు జర చక్కెర తక్కువెయ్యి."