ఓటీపీ ఇవ్వని ఇల్లు

మా నాయన చెంగల్రాయుడు చిత్తూరు కోర్టులో ముప్పై ఏళ్లు బంట్రోతుగా చేసి రిటైరయ్యాడు. రాతలో ఏది వచ్చినా ఆయనకు అది ఉత్తర్వే. అందుకే 'మీ సౌండ్‌బార్‌కు కొత్త అప్‌డేట్ వచ్చింది, వెంటనే నొక్కండి' అని ఫోన్లో కనబడగానే కళ్లజోడు పెట్టుకుని, రెండుసార్లు చదివి, నొక్కాడు.

టీవీ కింద ఉన్న సౌండ్‌బార్ మీద ఎర్రలైటు మూడుసార్లు మిణుకుమంది. ఆ తర్వాత అది నోరు విప్పలేదు.

మూడో రోజు తిరుపతి సర్వీస్ సెంటర్ నుంచి ఒకమ్మాయి వచ్చింది. భుజాన లాప్‌టాప్ బ్యాగు, మెడలో ఐడీ కార్డు. కార్డు మీద కోమలి అని ఉంది.

"ఏం చేసినారు సార్ దీన్ని?" అంది.

"మేమేం చేయలేదు. మీ కంపెనీ చెప్పింది మా నాయన చేసినాడు."

"వోల్టేజి ఎక్కువై ఉంటాది."

"మా ఫ్రిజ్ బాగానే ఉండాది కదా."

"ఫ్రిజ్ మా కంపెనీది కాదు సార్."

జోక్ వేసిందేమో అని ముఖం చూశాను. ముఖంలో ఏమీ లేదు. అలాగే ఇంకాసేపు చూశాను. ఆమె స్క్రూ తిప్పుకుంటోంది.

గంట తర్వాత లేచి, "ఇప్పటికి బాగు కాదు సార్. మీ ఫోనుకు ఓటీపీ వచ్చుంటాది, చెప్పండి. కంప్లైంట్ క్లోజ్ చేస్తా," అంది.

"బాగే కాలేదు, క్లోజ్ ఎట్లా చేస్తారు?"

"విజిట్ అయింది కదా. కావాలంటే మళ్లీ కొత్త కంప్లైంట్ పెట్టుకోండి."

కుర్చీలోంచి మా నాయన దగ్గాడు. "కోర్టు సమను అందకుండానే అందినట్టు సంతకం పెట్టేది మా ఇంట్లో లేదమ్మా. రేయ్ సుకుమారూ, ఇయ్యొద్దు."

ఆమె నా వైపు తిరిగింది. "క్లోజ్ కాకపోతే నా పేరు మీద పెండింగ్ పడతాది సార్."

"పడనీండి," అన్నాను. ఆ మాట నేను చాలా సులువుగా అనేశాను.

రెండోసారి ఆమె సౌండ్‌బార్ లోపల వేసే కొత్త బోర్డు తెచ్చింది. ఆ బోర్డు వైఫైకి కలిసి, కొత్త అప్‌డేట్ ఉందని తెలుసుకుని, ఎవరూ అడగకుండానే దాన్ని వేసుకుని, రెండు నిమిషాల్లో చచ్చిపోయింది. వైఫై లేకుండా అది మొదలు కాదు, వైఫై ఉంటే మిగలదు. ఇద్దరం దాన్ని కాసేపు చూస్తూ కూర్చున్నాం.

బయట వాన పట్టుకుంది. మా అమ్మ శకుంతలమ్మ ఆమెకు సంగటి, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టింది. "తినమ్మా, వానలో యాడికి పోతావు?"

వాన వసారాలోకి కొడుతోంది. కోమలి సంగటి ముద్ద తుంచుతూ, "ఒక మాట చెప్తాను సార్," అంది. "వోల్టేజి కాదు. అప్‌డేటే తప్పు. జిల్లాలో నలభై రెండు ఇళ్లల్లో ఇదే గతి. వోల్టేజి అని చెప్పమన్నారు, చెప్పినాను. అబద్ధం నాకు చాతకాదు. చెప్పినప్పటి నుంచి నిద్ర పట్టలేదు."

నేను మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో క్వాలిటీ చూసే ఉద్యోగిని. ఏది మంచి సరుకో ఒక చెంచాతో చెప్పేస్తాను. ఈ అమ్మాయిని నేను ప్రేమిస్తున్నానని ఆ వానలో తెలిసిపోయింది.

ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి ఓటీపీ అడిగింది. నాలుగంకెలు నా ఫోన్లో ఉన్నాయి. చెబితే ఆమె ఇంక రాదు.

"ఇయ్యను," అన్నాను. ఈసారి నాయన ఏమీ అనలేదు. ఆయన నిద్రపోతున్నాడు.

మూడోసారి వచ్చినప్పుడు ఆమె సార్ అనడం మానేసింది. "ఈసారైనా ఇస్తారా?"

"బాగయినాక."

"మీరు మాటంటే మాటే. ఇట్లాంటి మనుషులు తక్కువగా ఉంటారు," అంది. ఆ మెప్పును నేను సిగ్గు లేకుండా తీసుకున్నాను. ఆమె వెళ్లేటప్పుడు గేటు దగ్గర వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపుతో నాకు పది రోజులు గడిచాయి.

నెలాఖరు రోజు మధ్యాహ్నం బెల్లు మోగింది. తలుపు తీస్తే, బ్యాగు అదే, మనిషి వేరు. పేరు ధనశేఖర్, అదే సెంటర్. పక్కింటి సౌండ్‌బార్ కోసం వచ్చి, ఇల్లు తెలియక మా బెల్లు కొట్టాడు.

"కోమలి గారు రాలేదా?"

అతను గేటు మీద నంబరు చూశాడు. "ఓటీపీ ఇయ్యని ఇల్లు ఇదేనా అప్పా?" అన్నాడు. "ఆ పాప రెండేళ్లుగా కాంట్రాక్టులో ఉండాది. ఒక్క పెండింగ్ కూడా లేకుంటేనే పర్మనెంట్. ఆమెకిచ్చిన మిగిలిన ఇళ్లన్నీ క్లోజ్ అయినాయి, నీదొక్కటే మిగిలింది. సాయంత్రం ఆరుకు లిస్టు పోతాది. అందులో పేరు లేకుంటే రేపట్నుంచి ఉద్యోగం లేదు."

ఫోన్ తీశాను. "ఓటీపీ ఇప్పుడే చెప్తాను, రాసుకో."

"నాకు చెప్తే కాదు. ఆ పాప ఫోన్లోంచే క్లోజ్ కావాల. సరుకు ఆమె ముందర ఉండాల. ఈ రోజు ఆమెకు సెంటర్లో డ్యూటీ."

టైము మూడు దాటింది. సౌండ్‌బార్ పీకి, దుప్పటి చుట్టి, తిరుపతి బస్సెక్కాను. పక్క సీటు పెద్దావిడ అది కర్టెన్ కట్టే కడ్డీనా అని అడిగింది. అవునన్నాను. పాకాల దగ్గర గేటు పడింది. గూడ్సు బండి ఎన్ని పెట్టెలు ఉండాలో అన్ని పెట్టెలతో నిదానంగా పోయింది. ఆ అమ్మాయి అన్నం నేను తీసేస్తున్నానని అప్పుడు గట్టిగా తగిలింది.

ఐదూ ముప్పావుకి సెంటర్లో అడుగుపెట్టాను. కోమలి కౌంటర్ దగ్గర ఉంది. దుప్పటి విప్పి సౌండ్‌బార్ ముందు పెట్టాను.

"బాగయిందా?" అంది.

"కాలేదు. ఓటీపీ పంపించండి, చెప్తాను."

"బాగయినాకే అన్నారు కదా. మాటంటే మాట అనుకున్నాను."

"మొదటిసారి మా నాయన మాట. తర్వాత రెండుసార్లు నా స్వార్థం. చెప్తే మీరు మళ్లీ రారని ఇయ్యలేదు. మీరంటే నాకు ఇష్టం. మీ ఉద్యోగం పోతాదని మాత్రం తెలీదు."

ఆమె సౌండ్‌బార్‌ను పక్కకు జరిపింది. "పెండింగ్ పడతాదని మొదటిరోజే చెప్పినాను."

"చెప్పినారు. నేను పట్టించుకోలేదు. తప్పు నాదే."

"నెలంతా మా మేనేజర్ దగ్గర తల దించుకుని నిలబడినాను. మీరేమో నిజాయితీ మనిషని ఆయనతో వాదించినాను." ఫోన్ నొక్కింది. నా ఫోన్లో నాలుగంకెలు వచ్చాయి. చెప్పాను. కంప్లైంట్ క్లోజ్ అయింది. టైము ఐదూ యాభై రెండు.

"ఇంక పొండి," అంది.

మూగ సౌండ్‌బార్‌కు మళ్లీ దుప్పటి చుట్టుకుని వచ్చేశాను.

రెండు వారాలకు కంపెనీ తప్పు దిద్దుకుని ఇంకో అప్‌డేట్ వదిలింది. జిల్లాలో సౌండ్‌బార్‌లన్నీ ఒకే పొద్దున లేచి కూర్చున్నాయి. మాది కూడా. వీధంతా సంబరపడుతుంటే చిత్తూరులో ఏడుపు ముఖంతో ఉన్నది నేనొక్కణ్నే. ఆమె రావడానికి ఇంక ఏ కారణమూ లేదు.

ఆదివారం పది గంటలకు నాయన పూర్తి సౌండ్‌లో పాటలు పెట్టి కూర్చున్నాడు. గేటు చప్పుడైంది. కోమలి. బ్యాగు లేదు, ఐడీ కార్డు లేదు.

"అది పాడతా ఉండాదే అమ్మా," అన్నాడు నాయన. "మేం కంప్లైంట్ పెట్టలేదే."

"తెలుసు సార్. కంప్లైంట్ మీద రాలేదు. మా అమ్మకు చెప్పే వచ్చినాను." ఆమె నా వైపు తిరిగింది. "నిన్న పర్మనెంట్ ఆర్డర్ చేతికొచ్చింది. మీరు చెప్పిన మాటకు జవాబు ఆ రోజే ఇచ్చింటే, ఓటీపీ చెప్పినందుకు ఇచ్చినట్టుండేది. అందుకే మీకూ నాకూ మధ్య ఏ పనీ మిగలకుండా చూసుకుని వచ్చినా. నాకూ మీరంటే ఇష్టమే. కోపం ఇంకా ఉండాది. అది తగ్గేదానికి టైము పడతాది."

మా అమ్మ వంటింటి గుమ్మంలో కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. నాయన సౌండ్ తగ్గించి, "మళ్లీ ఒకసారి చెప్పమ్మా," అన్నాడు. "పాటలో సరిగ్గా వినపడలేదు."

కోమలి ఒక్క మాట కూడా మార్చకుండా, కోపం సంగతితో సహా, ఆయన ముఖంలోకి చూస్తూ మళ్లీ చెప్పింది. నేను నేలకేసి చూస్తూ నిలబడ్డాను. తలెత్తితే ఏడుస్తున్నానని అందరికీ తెలిసిపోతుంది.