సందు లేని ఇల్లు

ఆ ఇంటికి చెడ్డపేరు కొత్తేం కాదు. చీకటి పడితే చాలు, లోపల ఎవరో ముసలామె మూలుగుతుందని వీధి వీధంతా చెప్పుకునేది. అద్దెకొచ్చినవాళ్లు నెల తిరక్కుండానే మూటాముల్లె సర్దుకునేవాళ్లు.

అలాంటి ఇంటిని కొన్నాడు లెక్కల మాస్టారు. అది పాత కిటికీల సందుల్లో దూరే గాలి చప్పుడేనని వచ్చిన రోజే తేల్చేశాడు. లోపలి చల్లదనం బయటికి పోకుండా రెండు పొరల అద్దాలు, చుట్టూ రబ్బరు పట్టీలు, బయటికి తోస్తే తెరుచుకుని దానంతటదే మూసుకునే బరువైన వీధి తలుపు... నాలుగు కొట్లు తిరిగి, అన్నీ ఏరికోరి పెట్టించాడు.

"ఒక్క కిటికీ అయినా తెరుచుకునేది పెట్టించండి," అంది భార్య.

"తెరుచుకునే కిటికీ అంటే గాలికి దారి ఇచ్చినట్టే. అన్నీ బిగింపు అద్దాలే," అన్నాడు. ఆయన మొండిఘటం.

నిజంగానే మూలుగు ఆగిపోయింది. దెయ్యాన్ని లోపలే బిగించేశానని మాస్టారు అందరికీ చెప్పి నవ్వేవాడు.

ఒక రాత్రి భార్య ఆస్పత్రిలో డ్యూటీలో ఉంది. మాస్టారు తమ ఏడాది పాపను చక్రాల బండిలో కూర్చోబెట్టి వరండాలో తిప్పుతున్నాడు. ఇంతలో లోపల్నుంచి మాడు వాసన — పొయ్యి మీద పాలు. వంటింట్లోకి పరుగెత్తాడు. పొయ్యి కట్టేసి, పొగ పోవడానికి పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేశాడు. వెనకాల వీధి తలుపు మెత్తగా మూసుకుంది.

తిరిగొచ్చి తోశాడు. రాలేదు.

గొళ్లెం తీసే ఉంది. భుజం పెట్టి తోశాడు. వేలెడంత కదిలింది... ఆ సందులోంచి సన్నగా ఒక మూలుగు... మళ్లీ మూసుకుంది. అవతల ఎవరో ఒళ్లంతా ఆనించి నిలబడినట్టుంది.

తలుపు అద్దంలోంచి చూశాడు. వరండాలో ఎవరూ లేరు. పాప గుక్కపెట్టి ఏడుస్తోంది — లోపలికి చప్పుడే లేదు. కాళ్లు తన్నుకున్నప్పుడల్లా బండి కాస్త కాస్త ముందుకు జరుగుతోంది. బ్రేకు వేయలేదని అప్పుడు గుర్తొచ్చింది. ముందున్నవి మెట్లు.

మాస్టారికి పై ప్రాణాలు పైనే పోయాయి. కిటికీ దగ్గరికి ఉరికాడు — తీయడానికి గడియ ఉంటేగా. కుర్చీ ఎత్తి కొట్టాడు. గీత కూడా పడలేదు. ఏరికోరి తెచ్చిన అద్దం మరి. మళ్లీ తలుపు మీద పడ్డాడు.

"వదులు తల్లీ... నీ కాళ్లు పట్టుకుంటా... నా బిడ్డ..." అని గొణిగాడు. దెయ్యాల్లేవని వీధంతటికీ పాఠం చెప్పిన మనిషి.

బండి ముందు చక్రం మెట్టు అంచు దాటింది.

తలుపు ఒక్కసారిగా తేలికై తెరుచుకుంది. మాస్టారు బోర్లా పడుతూనే బండిని ఒడిసి పట్టుకున్నాడు.

ఒంటరిగా మళ్లీ లోపల అడుగు పెట్టలేదు. పాపను ఒళ్లో వేసుకుని, భార్య వచ్చేదాకా మెట్ల మీదే కూర్చున్నాడు. ఆమె అంతా విని, పాప ఒళ్లంతా తడిమి చూసుకుని, ఊపిరి పీల్చుకుంది.

"దెయ్యమూ లేదు, పాడూ లేదు. ఎక్కడా సందు లేని ఇల్లు. ఫ్యాను లోపలి గాలంతా లాగేస్తుంటే బయటి గాలి తలుపును నొక్కిపెట్టింది. మీరు ఫ్యాన్ ఆపారు, అది తెరుచుకుంది. అంతే."

మాస్టారు వంటింటి వైపు చూశాడు. పాపను ఇంకాస్త గట్టిగా హత్తుకున్నాడు.

"నేను మళ్లీ వంటింట్లోకి వెళ్లలేదే..."

ఇద్దరూ వెళ్లి చూశారు. ఇంట్లో దీపాలన్నీ వెలుగుతున్నాయి. ఫ్యాన్ స్విచ్ ఒక్కటే ఆపేసి ఉంది.