దర్జీ కత్తెర

దర్జీ చనిపోయిన రోజు పొద్దున ఏజెంట్ ఎలెవెన్ కోటు తెచ్చుకోవడానికి వెళ్లాడు. దుకాణం షట్టర్ సగం దించి ఉంది. పక్క కొట్లో తాళాలు బాగుచేసే అతను స్టూలు మీది నుంచి లేచాడు.

"ఇంకెక్కడి కోటు సార్. రాత్రి నిద్రలోనే పోయాడు. గుండె అంటున్నారు."

ఎలెవెన్ వంగి షట్టర్ కింద నుంచి లోపలికి చూశాడు. మెషీన్ పక్కన చెక్కబొమ్మకు తన కోటు తొడిగి ఉంది. కుడి చెయ్యి కుట్టి ఉంది. ఎడమ చెయ్యి ఇంకా అతకలేదు.

రేపు అసెంబ్లీకి ఏం వేసుకోవాలి? అతనికి మొదట వచ్చిన ఆలోచన అదే.

అసెంబ్లీలో రేపు ఓటింగ్. దాని కోసమే అతన్ని ఈ ఊరికి పంపారు. చీఫ్ బ్రీఫింగ్ నాలుగు మాటల్లో ముగిసింది.

"రేవు పక్కన ఒక విదేశీ కంపెనీ గోడౌన్లు లీజుకి తీసుకుంది. బయటికి గోడౌన్లు. లోపల యాంటెన్నాలు. మన ఓడలు మాట్లాడుకునే ప్రతి మాటా వాళ్లకి వినిపిస్తోంది. లీజు రద్దు బిల్లు సభకి వస్తోంది. అటూ ఇటూ ఒక్క ఓటు తేడా. ఆ ఓటు ఈయనది." చీఫ్ ఒక ఫొటో ముందుకు తోశాడు.

"కొనడానికి చూశారా?"

"చూశారు. గుమ్మంలోంచే పంపేశాడు. ఇక చంపడమే మిగిలింది. హత్య అని తెలిస్తే సభంతా బిల్లు వైపు తిరుగుతుంది. అందుకని సహజంగా పోయినట్టు ఉండాలి వాళ్లకి. నువ్వు ఆయనకి కొత్త పీఏవి. నువ్వెవరో ఆయనొక్కడికే తెలుసు."

"లోపల మనవాళ్లు?"

"ఒకావిడ ఉంది. ఆయన పబ్లిసిటీ చూస్తుంది. ఆ కంపెనీకి పనిచేస్తున్నట్టు నటిస్తూ మనకి కబుర్లు చేరవేస్తుంది. కోడ్‌నేమ్ నెమలి. నమ్మొచ్చు."

ఎలెవెన్ నమ్మాడు.

ఫొటోలోని ఎమ్మెల్యే ఒకప్పుడు మందుల షాపు నడిపేవాడు. మొదటి ఎన్నికలో డిపాజిట్ పోయింది. అదే ఏడాది తల్లి పోయింది. నీ వెనక మేమున్నామని చేతులు పట్టుకున్న వాళ్లెవరూ ఆ గుమ్మం ఎక్కలేదు. వచ్చినవాడు ఒక్కడే, ఆయన్ని ఓడించిన మనిషి. పోయిన తల్లి కళ్లజోడు చేతిలోకి తీసుకుని, ఏమీ మాట్లాడకుండా కాసేపు కూర్చుని వెళ్లాడు. తర్వాతి ఎన్నికలో ఆ మనిషినే ఓడించడానికి మందుల షాపాయనకి ఆ కాసేపే పాఠమైంది.

నియోజకవర్గంలో ఎవరింట్లో చావు జరిగినా ఇప్పుడు ఆయన వెళ్తాడు. గన్‌మెన్‌ని వీధి మొదట్లోనే ఆపేస్తాడు. పోయిన మనిషి రోజూ వాడిన వస్తువు ఏదైనా ఇవ్వమంటాడు. దువ్వెనో, గొడుగో, గరిటో. దాన్ని చేతిలో పెట్టుకుని కూర్చుంటాడు. ఆ తర్వాత ఆయన ఎప్పుడూ ఓడిపోలేదు. ఆయన ఓటర్లంతా పైకి పోయినవాళ్లేనని ప్రత్యర్థులు మైకుల్లో ఎకసెక్కాలాడేవారు. పైకి పోయినవాళ్ల పిల్లలు మాత్రం వచ్చి ఆయనకే ఓటు వేసేవారు.

"ఓట్ల కోసమేనా సార్?" అని ఎలెవెన్ ఒకసారి కారులో అడిగాడు.

"మొదట్లో అందుకే వెళ్లానయ్యా. తర్వాత మానడం చేతకాలేదు. ఇప్పుడు ఎందుకు వెళ్తున్నానో నాకే సరిగ్గా తెలీదు. నన్నడక్కు."

దర్జీతో పరిచయం కోటు వల్లే. పిస్టల్ పట్టేలా లోపలి జేబు కావాలి. కళ్లజోడు పెట్టుకోవడానికని ఎలెవెన్ చెప్పాడు.

"కళ్లజోడుకి ఇంత గట్టి కాన్వాసా సార్? ఇనప కళ్లజోడా ఏంటి?" అని దర్జీ నవ్వాడు. మళ్లీ అడగలేదు. జేబు మాత్రం రెండు పొరలతో కుట్టాడు.

అతను ఎడమచేతి వాటం మనిషి. బొటనవేలి రింగుకి నీలం గుడ్డ చుట్టిన పెద్ద కత్తెరతో బట్ట మీద గీత కూడా గీయకుండా కోసుకుపోయేవాడు. ఒకరోజు ఎలెవెన్ ఆ కత్తెర తీసుకుని చూశాడు. అతని కుడిచేతి బొటనవేలిని రింగు అంచు కోసేసినంత పని చేసింది.

"అది మీ చేతికి లొంగదు సార్. పక్కకి వంగినట్టుంది చూడండి, ఎడమచేతి కోసం చేసింది. ఈ కత్తెర దొరకడం, ఎమ్మెల్యే దొరకడం రెండూ కష్టమే. మా ఎమ్మెల్యే నయం. దొరుకుతాడు. ఇంట్లో ఎవరో ఒకరు పోవాలి, అంతే!"

మంచి జోకు. ఎలెవెన్ దాన్ని ఆ సాయంత్రమే కాఫీ తాగుతూ నెమలికి చెప్పాడు. ఆమె పగలబడి నవ్వింది. గాజులు లేని చెయ్యి కప్పు మీద ఆనించి, "ఎవరా దర్జీ? నా జాకెట్ కూడా కాస్త బిగించాలి" అంది. ఎలెవెన్ దుకాణం ఎక్కడో చెప్పాడు. వెనక వాటాలోనే కాపురం ఉంటారని, మనిషి మంచివాడని కూడా చెప్పాడు.

దర్జీ కబురు వినగానే ఎమ్మెల్యే లేచాడు.

"సార్, రేపు ఓటింగ్. ఇవాళ బయటికి వద్దు" అన్నాడు ఎలెవెన్.

"పదిహేనేళ్లుగా నా చొక్కాలు కుట్టిన మనిషయ్యా."

"ఏర్పాట్లు నేను చూస్తాను. ముందు వెళ్తాను" అంది నెమలి. అది ఆమె పనే. ఎప్పుడూ ఆమే ముందు వెళ్లి కుర్చీ ఎక్కడ వెయ్యాలో, ఏ వస్తువు ఇవ్వాలో ఇంటివాళ్లతో మాట్లాడి పెట్టేది.

వాళ్లు చేరేసరికి దహనం ముగించి అందరూ వచ్చేశారు. దుకాణం వెనక ఒకటే గది. నేల తడిగా ఉంది. దర్జీ భార్య గోడకి ఆనుకుని కూర్చుంది. కూతురు చంటిపిల్లని భుజాన వేసుకుని నిలబడే ఉంది. నెమలి కిటికీ పక్కన, తెల్లచీరలో, తలవంచుకుని ఉంది. కొలతల టేపు, సుద్దముక్కలు, నీలం గుడ్డ చుట్టిన కత్తెర ఒక స్టూలు మీద సర్ది ఉన్నాయి.

"మీరొచ్చారు బాబూ" అంది దర్జీ భార్య. "ఆయన అంటుండేవాడు. నేను పోతే ఎమ్మెల్యే మనింటికొస్తాడే, ఇల్లు కాస్త సర్దు అనేవాడు. అన్నీ వేళాకోళాలే."

"నిన్నటిదాకా బాగానే ఉన్నాడా అమ్మా?"

"బంగారంలా ఉన్నాడు. సాయంత్రం ఈ అమ్మగారే జాకెట్ సైజు చూపించుకోడానికొచ్చారు. ఈవిడతో కూడా ఏదో నవ్వించే మాటే. ఒక్క గుండుసూది గుచ్చుకుందని వేలు నోట్లో పెట్టుకున్నాడు. అంతకంటే ఏం లేదు. అన్నం తిని పడుకున్నాడు. అంతే."

ఎలెవెన్ చేతిలో ఫైలు ఉంది. ముప్పై ఏళ్లుగా మెషీన్ ముందు కూర్చున్న మనిషి గుండుసూది గుచ్చుకుంటే వేలు నోట్లో పెట్టుకోడు. విదిలించి పని చేసుకుంటాడు.

"ఆయన చేతి వస్తువు ఏదైనా ఒకసారి ఇస్తారా అమ్మా?" ఎమ్మెల్యే ఎప్పటిలాగే అడిగాడు.

"ఆ కత్తెరే బాబూ. ఇంకేముంది ఆయనకి."

ఎమ్మెల్యే కుడిచెయ్యి చాచాడు. స్టూలు మీద కత్తెర రింగు సరిగ్గా ఆ కుడి బొటనవేలి కోసమే వంచినట్టు ఆయన వైపు తిరిగి ఉంది.

కత్తెర మార్చిన నెమలికి నీలం గుడ్డ గుర్తుంది. దర్జీ ఎడమ చెయ్యి గుర్తులేదు.

"సార్, స్పీకర్ గారు లైన్లో ఉన్నారు" అన్నాడు ఎలెవెన్.

అది కోడ్. ఆ మాట వినపడితే ఏ పనైనా వదిలేసి బయటికి నడవాలి. మూడుసార్లు రిహార్సల్ చేశారు. కానీ ఎమ్మెల్యే చావింట్లో ఏ ఫోనూ తీసుకోడు. రిహార్సల్లో ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు.

"తర్వాత" అన్నాడాయన, తల తిప్పకుండానే. బొటనవేలు రింగులోకి వెళ్తోంది.

ఎలెవెన్ ఫైలుతో కత్తెరని కొట్టాడు. అది ఎగిరి గోడకి తగిలి, దర్జీ భార్య కాళ్ల దగ్గర పడింది. చంటిపిల్ల ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది.

"అయ్యో, అదేంటి బాబూ!" ఆమె వంగి తీసుకోబోయింది.

"ముట్టుకోకండమ్మా!"

ఆ అరుపుకి ఆమె చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. భర్త కత్తెరని తన ఇంట్లో తనని ముట్టుకోవద్దన్న మనిషి ముఖంలోకి ఆమె అయోమయంగా చూసింది. ఎలెవెన్ ఆ చూపుని పట్టించుకునే స్థితిలో లేడు. కిటికీ దగ్గర తెల్లచీర కదిలింది. నెమలి చేతిలో లిప్‌స్టిక్ గొట్టం ఉంది. దుఃఖం ఉన్న ఇంట్లో ఏ ఆడదీ లిప్‌స్టిక్ తీయదు. ఎలెవెన్ రెండంగల్లో ఆమె మణికట్టు పట్టుకుని గోడకేసి నొక్కాడు. కొనన సూది మెరుస్తున్న గొట్టం కింద పడింది. వాచీ మీది బటన్ నొక్కితే వీధి మొదట్లోని గన్‌మెన్ పరుగున వచ్చారు.

"మేడమ్‌కి కళ్లు తిరిగాయి. బయటికి తీసుకెళ్తున్నాం" అని ఎలెవెన్ ఇంటివాళ్లకి చెప్పాడు. దర్జీ భార్యకి అతను చెప్పిన మొదటి అబద్ధం అది.

గొట్టాన్నీ, కత్తెరనీ జేబురుమాలుతో ఎత్తాడు. నీలం గుడ్డ కిందినుంచి వెంట్రుకంత సూదులు బయటికి తొంగిచూస్తున్నాయి. గుచ్చుకుంటే ఏ గుండుసూదో అనుకుంటారు. నిద్రలో గుండె ఆగుతుంది. ఓటింగ్‌కి ముందే.

వ్యాన్ ఎక్కించేటప్పుడు నెమలి ఏమాత్రం కంగారు పడలేదు.

"దర్జీ జోకు చెప్పింది నువ్వు. ఇల్లు చూపించింది నువ్వు. నేను చేసింది మధ్యలో కాస్త పని" అంది.

"ఇంకెవరూ దొరకలేదా?"

"నువ్వే అన్నావుగా, మంచివాడని. మంచివాడైతే ఎమ్మెల్యే తప్పకుండా వస్తాడనిపించింది."

ఎలెవెన్ వ్యాన్ తలుపు వేశాడు. ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లో దర్జీ అసలు కత్తెర దొరికింది. అతను దాన్ని తుడిచి లోపలికి పట్టుకెళ్లి దర్జీ భార్య చేతిలో పెట్టాడు.

"క్షమించండమ్మా. చెయ్యి తగిలి పడిపోయింది." రెండో అబద్ధం.

ఆమె కత్తెరని తిప్పి చూసుకుంది. నీలం గుడ్డని బొటనవేలితో రాసింది. "విరగలేదులే బాబూ" అని అతన్నే ఓదార్చింది.

కారులో ఎమ్మెల్యే చాలాసేపు తన కుడి అరచెయ్యి చూసుకుంటూ కూర్చున్నాడు.

"నేను రావాలని ఆయన్ని చంపారా?"

"అవును సార్."

"నేను ఇంట్లో కూర్చునే ఎమ్మెల్యేని అయ్యుంటే బతికేవాడా?"

ఎలెవెన్ దగ్గర ఆ ప్రశ్నకి జవాబు ఉంది. నేను నోరు మూసుకుని ఉంటే కూడా బతికేవాడు సార్, అనాలి. అనలేదు. అద్దంలోంచి రోడ్డు చూశాడు.

మర్నాడు బిల్లు ఒక్క ఓటుతో గెలిచింది. గోడౌన్ల తాళాలు పగలగొట్టారు. ఎమ్మెల్యేని విలేకరులు చుట్టుముట్టి మీ విజయరహస్యం ఏమిటని అడిగారు. ఆయన మైకు పక్కకి నెట్టి వెళ్లిపోయాడు. ఈసారి పోటీ చేయడంలేదని ఆ సాయంత్రమే పార్టీ ఆఫీసుకి కబురు పంపాడు.

"క్లీన్ ఆపరేషన్" అన్నాడు చీఫ్. "ఒక్క తూటా పేలలేదు."

"దర్జీ ఇంటివాళ్లకి చెప్పాలి సార్."

"ఏమని? ఫైల్లో గుండెపోటు అని ఉంది. అలాగే ఉండనీ. నెమలి సంగతి బయటికొస్తే డిపార్ట్‌మెంట్ పరువు పోతుంది." చీఫ్ ఫైలు మూసి, "నీ పరువు కూడా" అన్నాడు.

వారం తర్వాత ఎలెవెన్‌కి ఫోన్ వచ్చింది. అవతల దర్జీ భార్య.

"పీఏ గారూ, మీ కోటు ఇక్కడే ఉండిపోయింది. ఒక్క చెయ్యేగా, నేనే కుట్టేశాను. ఆయనంత బాగా రాలేదు, ఏమనుకోకండి. అన్నట్టు ఆ లోపలి జేబులో ఏం పెట్టుకుంటారు బాబూ? ఆయన చివరిదాకా అదే అనుకుంటూ ఉండేవాడు."

"కళ్లజోడమ్మా" అన్నాడు ఎలెవెన్.

"ఎప్పుడొస్తారు?"

"ఒకటి రెండు రోజుల్లో వస్తానమ్మా."

ఆమె ఆ కోటుకి పాత దుప్పటి కప్పి చెక్కబొమ్మ మీదే ఉంచింది. ఎలెవెన్ ఆ తర్వాత మూడు దేశాల్లో పనిచేశాడు. రెండు పతకాలు కూడా వచ్చాయి. వాటిని పెట్టుకోవడానికి సరైన కోటు లేదని ఆఫీసులో అనేవాడు, అందరూ నవ్వేవారు.

కోటు తెచ్చుకోవడానికి అతను ఇంకా వెళ్లలేదు. ఆమెకి నిజం ఇంకా ఎవరూ చెప్పలేదు.