బఠాణీకి చలేసిన లక్ష్మివారం

లక్ష్మివారం తెల్లారేసరికి కొరాపుట్ రైల్వే క్వార్టర్ల మీద మంచు దట్టంగా దిగిపోయింది. సత్యభామ ఆ చలిలోనే తలస్నానం చేసి, మడి చీర చుట్టుకుని, వీధి గుమ్మం నుంచి హాల్లోని పీట దాకా వరిపిండితో లక్ష్మీదేవి పాదాలు పెట్టేసింది. మార్గశిరమాసం మరి! గుణుపురం పొలం నుంచి వచ్చిన కొత్త ధాన్యాన్ని కుంచం నిండా పోసి, పీట మీద నిలిపి, చుట్టూ బంతిపూలు పెట్టింది. డెబ్బై ఏళ్ల మనిషి. చలికి వణకదు, ఒకరి మాట వినదు.

అలాంటి ధాన్యం పక్కన ఎలుకా! తలచుకుంటేనే ఆవిడకి ఒళ్ళు మండిపోయేది. ఎలుక కాదట, హామ్‌స్టరట. పదకొండేళ్ల మనవరాలు మనీషా తండ్రి ప్రాణం తీసి, రాయగడలో చేపల తొట్టెలు అమ్మే కొట్టులో కొనిపించుకుంది. పది పిల్లల్లో ఏది కావాలో తేల్చడానికే గంట పట్టిందట. గెంతుతున్నదాన్ని వద్దంది, ముడుచుకు పడుకున్నదాన్ని వద్దంది. చెయ్యి చాపితే నెమ్మదిగా వచ్చి వాసన చూసినదాన్ని తెచ్చుకుంది. పిడికెడు ప్రాణం, గోధుమరంగు ఒళ్ళు, మిరియాల్లాంటి కళ్ళు. దానికి బఠాణీ అని పేరు! దాన్ని ఎలా చూసుకోవాలో బడిలో నేర్చిన ఒడియాలో పది వరసలు రాసి, బోను పైన గోడకి అంటించింది కూడా. సత్యభామకి తెలుగు తప్ప మరో అక్షరం రాదు.

నలభై ఏళ్లు ఆవిడ పొలం గట్లు తవ్వించి, పొగ పెట్టించి, ఎలుకలతో యుద్ధం చేసింది. పూజ నాడు లక్ష్మీదేవిని వాటి పక్కన కూర్చోబెట్టడానికి మనసొప్పుతుందా? అందుకే నిన్న రాత్రి అందరూ పడుకున్నాక హాల్లోంచి బోను తీసుకెళ్లి పెరటి వసారాలో పెట్టేసింది. తప్పేమీ అనిపించలేదు.

దీపం వెలిగిస్తుండగా పెరట్లోంచి కేక వినిపించింది.

"అమ్మా! బఠాణీ కదలట్లేదు!"

కోడలు శ్రీదుర్గ, కొడుకు తిరుమలరావు పరుగెత్తారు. సత్యభామ వెనకే వెళ్ళింది. మనీషా బోను ముందు చతికిలబడి ఏడుస్తోంది. రంపంపొట్టులో బఠాణీ ఉండలా చుట్టుకుని పడి ఉంది.

"ఇక్కడెవరు పెట్టేరు దీన్ని?" అన్నాడు తిరుమలరావు.

"నేనే పెట్టేను. ఏటి, ధాన్యం దగ్గర ఎలకని పెట్టుకుని పూజ సెయ్యమంటావా?" సత్యభామ గొంతు పైకే లేచింది గానీ చూపు బోను మీదే ఉంది.

"గోడ మీద మొదటి వరసే అది మామ్మా! చలిగాలి తగలకూడదని రాసేను! నువ్వు చూడలేదు! నువ్వే చంపేసేవు!"

"అమ్మీ, అలా అనకూడదు," అంది శ్రీదుర్గ. కానీ అత్తగారి మొహం చూడలేదు. తిరుమలరావు జామచెట్టు కింద గొయ్యి తియ్యడానికి పార అందుకున్నాడు.

సత్యభామ నిలువునా నీరైపోయింది. ఆ గీతలు నాకేం తెలుసని అందామనుకుంది గానీ, వంగి బోను తలుపు తీసింది.

"అత్తయ్యా! మడి!"

"నా మడి సంగతి ఆ తల్లికి తెలుసు, నువ్వుండు."

దాన్ని అరచేతిలోకి తీసుకుంది. మంచుముద్దలా ఉంది. చచ్చిన ఎలుకలు ఆవిడ చేతుల మీదుగా ఎన్ని పోయాయో! తెల్లారేసరికి పుల్లల్లా బిగుసుకుపోయేవి. ఇది బిగుసుకోలేదు. వేలితో నెడితే కాలు మెత్తగా వెనక్కి వచ్చింది. కళ్ళకి దగ్గరగా పెట్టుకుని ఊపిరి బిగబట్టి చూసింది. చాలాసేపటికి ఒక్క మీసం కదిలింది.

"పార పడీరా! సచ్చిపోనేదు ఇది, సలికి మొద్దుబారిపోయిందంతే!"

"పొయ్యి దగ్గర పెడదామా?" అంది శ్రీదుర్గ.

"సాల్లే! ఒక్కసారి వేడి తగిలితే తట్టుకోనేదు."

ఎండ పడుతున్న మెట్టు మీద కూర్చుని, మడి చీర కుచ్చెళ్ళు సడలించి, దాన్ని వట్టి పొట్టకి ఆనించుకుంది. పైన చెంగు కప్పి రెండు చేతులూ అడ్డం పెట్టింది. లోపల పీట మీద దీపం ఒంటరిగా వెలుగుతోంది.

"ఎలా తెలుసు మామ్మా?" మనీషా వెక్కుతూనే దగ్గరికి జరిగింది.

"మీ నాన్న ఏడో నెల్లోనే పుట్టేసేడు. ఇలాంటి సలిలోనే. ఇంతే ఉండేవోడు. రాయగడ ఆసుపత్రికి పోదామంటే దార్లో సలికే పోతాడన్నారు. ఇలాగే పొట్టకి కట్టుకుని మూడు వారాలు కూకున్నాను. పడుకోనేదు కూడాను."

పార పట్టుకున్న చేతులతో తిరుమలరావు అలాగే నిలబడిపోయాడు. ఆరడుగుల మనిషి, నలభై రెండేళ్లొచ్చాయి. ఈ మాట ఎప్పుడూ వినలేదు.

"నాకెప్పుడూ సెప్పనేదేంటమ్మా?"

"సెప్పడానికేటుంది? బతికేవు కదా."

అరగంట గడిచింది. ఉన్నట్టుండి సత్యభామ కళ్ళు పెద్దవయ్యాయి. మనవరాలి చెయ్యి లాక్కుని చెంగు మీద పెట్టింది. లోపల సన్నని వణుకు. తర్వాత టపటపమని చిన్న గుండె. ఎంత గుండె ఉంటుందని దానికి! బియ్యపుగింజంత ఉంటుందేమో! అది మళ్ళీ పని మొదలుపెట్టింది. చెంగు అంచులోంచి గులాబీరంగు ముక్కు బయటికొచ్చి వాసన చూసింది.

"ఓరి నా తల్లే..." సత్యభామ ఆ ముక్కుని వేలితో తాకింది. "లచ్చిందేవి పీట దిగి నా ఒళ్ళోకి వచ్చిందే!"

మనీషా ఆవిడ మెడ చుట్టూ చేతులు వేసి భోరుమంది. "చంపేసేవన్నాను మామ్మా, తప్పయిపోయింది."

"తప్పు నాదేనమ్మీ. అడగాల్సింది, అడగనేదు."

పూజ పొద్దెక్కాక జరిగింది. సత్యభామ కుంచంలోంచి నాలుగు కొత్త గింజలు తీసి, ముందు బోనులో వేసింది. బఠాణీ ఒక్కొక్కటీ బుగ్గలో దాచుకుంటుంటే, గట్ల కింద ధాన్యం దాచుకున్న ఎలుకలన్నీ గుర్తొచ్చి కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రానికి గోడ మీద కొత్త కాగితం వెలిసింది. తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని, మనీషా మొదటిసారి తెలుగులో రాసింది. అక్షరాలు అటూ ఇటూ ఒరిగిపోయాయి. సత్యభామ కళ్ళజోడు పెట్టుకుని, వేలితో తడుముతూ మొదటి వరస పైకి చదివింది.

"చలేస్తే మామ్మని పిలవాలి."

రెండో వరస ఆవిడకి కనిపించలేదు. కళ్ళజోడు తీసి, తడిసిపోయిన అద్దాలు చెంగుతో తుడుచుకుంది.